ఫులానో, ఫులానా

అరబ్బులు వందల ఏళ్లు కాపురముండి వెళ్లిపోయిన ఇంట్లో
వాళ్ల నారింజ చెట్లు మిగిలాయి, నూతి చక్రాలు మిగిలాయి,
తలుపు వెనక కొక్కేనికి
ఎవరూ దులపని ఒక మాట వేలాడుతోంది:
ఫులానో.

అంటే ఫలానా.
అవును, మన ఫలానాయే.
ఒకే తల్లి బిడ్డలు.
ఒకడు పడమటికి గుర్రమెక్కాడు,
ఒకడు తూర్పుకొచ్చి మన తాలూకా కచేరీలో
గుమాస్తాగా కుదిరాడు.
పాపం, ఇద్దరికీ సొంత ముఖం లేదు.

అక్కడివాడికి స్నేహితులు ఎక్కువ.
స్పెయిన్ వైపు మెంగానో:
"ఎవడై ఉంటాడో" అన్న అరబ్బీ ప్రశ్న
నలిగి నలిగి మనిషైపోయాడు.
పోర్చుగల్ వైపు బెల్ట్రానో, సిక్రానో.
సిక్రానో ఎక్కడివాడో పండితులకీ తెలీదు.
తెలియకపోవడమే వాడి ఉద్యోగం.

గ్వాదియానా నది.
ఈ ఒడ్డున అల్కూటిం, ఆ ఒడ్డున సాన్‌లూకర్.
ఈత వచ్చినవాడికి పది నిమిషాలు,
గడియారానికి మాత్రం గంట.
అక్కడ చర్చిలో పన్నెండు కొట్టాక
ఇక్కడి పన్నెండు ఇంకో గంట నిద్రపోయేది.
ఆ గంట సందులోంచే
చలికాలం కాఫీ మూటలు దాటేవి.

"ఎవడు తెచ్చాడు?"
"ఫులానో."
"ఎవడికిచ్చాడు?"
"మెంగానోకి."
"చూసిందెవరు?"
"చీకటి."
లాఠీ విరిగినా అంతే.
అసలు పేరు రేగు గింజలా
దవడ పక్కన దాక్కునేది.
అబద్ధమని ఎలా అంటాం?
ఎవరి పేరూ కాదు కనకే
అది అందరి పేరు.

ఎర్మెలిందా మొగుడు వెనాన్సియో
యాభై ఒకటి జనవరిలో, నది ఉబ్బిన రాత్రి
వీపున రెండు మూటలతో దిగాడు.
మూడోనాడు ఆ ఒడ్డున తేలాడు.
గుర్తుపట్టడానికి ఎవరూ వెళ్లలేదు.
వెళితే ఇల్లు సోదా, మరిదికి జైలు.
గార్డు పుస్తకంలో రాసుకున్నాడు:
"ఫులానో దె తాల్. మగ. ముప్పై ఉండొచ్చు."
కాటికాపరి చెక్క శిలువ మీద
అదే దించాడు,
ఒక్క అక్షరదోషం లేకుండా.

ఆ మాటకి ఇంకో వేషముంది.
చివర ఓ తీసి ఆ పెట్టండి: ఫులానా.
మన చెవికి ఇంటి మనిషిలా వినిపిస్తుంది.
అక్కడ, రెండు ఒడ్డులా,
గుమ్మంలోకి రానివ్వరు.
మగాడైతే ఎవడో ఒకడు.
ఆడదైతే
ఎవడికైనా.

రాత్రిళ్లు పడవెక్కి ఎర్మెలిందా
ఆ శిలువ దగ్గరికి వెళ్లొచ్చేది.
తెల్లారి రేవు మెట్ల మీద బట్టలుతికేవాళ్లు
నురగ చేతులతో నుదురు తుడుచుకుని
"వచ్చిందమ్మా ఫులానా" అనేవాళ్లు.
ఎక్కడికెళ్లిందో చెప్పలేదు.
చెబితే పేరు చెప్పాలి.

మొదట్లో తలగడలో ముఖం పెట్టి ఏడ్చింది.
తర్వాతెప్పుడో, ఉల్లిపాయలు తరుగుతూ,
ఆమెకి తట్టింది:
ఫులానో పెళ్లాం
ఫులానా కాక మరేమవుతుంది?
ఊరు తనకే తెలీకుండా
ఆమెని మొగుడి పేరుతో పిలుస్తోంది.

ఇప్పుడు ఆ నది మీద కాపలా లేదు.
కాఫీ ఎటైనా తీసుకెళ్లొచ్చు, ఎవరికీ అక్కర్లేదు.
మొన్న చలికాలం, ఎనభై తొమ్మిదేళ్ల ఎర్మెలిందా
పింఛను కోసం బ్యాంకుకెళ్లింది.
బల్ల అద్దం కింద నమూనా దరఖాస్తు,
ఎలా నింపాలో చూపించడానికి.
పేరు: ఫులానో దె తాల్.
వీధి: ఫలానా.
ఇంటి నంబరు: ఫలానా.

కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.
"ఇల్లు కట్టుకున్నాడన్నమాట," అంది.
కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.
"ఇక్కడ నేను పెట్టొచ్చా, బాబూ?"
కిటికీ వెనక కుర్రాడు నవ్వాడు,
"అది ఎవరిదీ కాదండీ, నమూనా."

"తెలుసు," అంది,
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
రుమాల్లో ముడేసుకుంటూ.